డవ్‌టెయిల్ పెట్టె: ముందు తోకలు కొయ్యాలా, పిన్నులా?

అపార్ట్‌మెంట్_ఉలి:
అందరికీ నమస్కారం. ఊళ్ళో పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చిన టేకు తలుపు చెక్క ఉంది. దాన్ని అర అంగుళం మందానికి చిత్రిక పట్టి, అమ్మకు కుట్టుసామాను పెట్టుకునే పెట్టె చేద్దామనుకుంటున్నాను. ఎనిమిది అంగుళాల పొడవు, ఐదు వెడల్పు, మూడున్నర ఎత్తు. మూలలకు డవ్‌టెయిల్ అతుకు: ఒక పలక కొసన పావురం తోకలా విప్పారిన పళ్ళు (తోకలు), రెండో పలక కొసన వాటి సందుల్లో కూర్చునే పళ్ళు (పిన్నులు). మూలకు మూడు తోకలు. మిషన్లు లేవు, పెడితే కింది ఫ్లాటు వాళ్ళు ఊరుకోరు. డవ్‌టెయిల్ రంపం, రెండు ఉలులు, మూలమట్టం, మార్కింగ్ గేజ్ (అంచుకు సమాంతరంగా గీత గీసేది) ఉన్నాయి. ఒక వీడియోలో ముందు తోకలు కోస్తున్నారు, ఇంకోదాంట్లో ముందు పిన్నులు. ఇద్దరూ తమ పద్ధతే తేలికంటారు. ఏది పట్టుకోమంటారు?

గోదారి_చెక్కపొట్టు:
తోకలే. తోక వాలు ఒక డిగ్రీ అటూఇటూ అయినా కొంపలేం మునగవు, ఎందుకంటే ఆ తోకనే అచ్చుగా పెట్టి పిన్నులు గీసుకుంటాం. రంపం పలక మందానికి అడ్డంగా, మూలమట్టానికి నడిస్తే చాలు. ఇంకో లాభం ఉంది. పెట్టెకు తోకల పలకలు రెండు. రెంటినీ కలిపి బిగించి ఒకేసారి కొయ్యొచ్చు. మూలకు మూడు తోకలంటే ఆరు కోతలు, నాలుగు మూలలకు 24. జంటగా కోస్తే 12తో సరి. చేతి వడ్రంగం నేర్పే పాల్ సెల్లర్స్, రాబ్ కాస్‌మన్ ఇద్దరూ తోకలు ముందు కోసేవాళ్ళే.

పాతరంపం:
పేర్లే లెక్కయితే మాకూ ఉన్నారు. డెన్మార్క్ నుంచి అమెరికా వెళ్ళిన టాగె ఫ్రిడ్, హంగేరీ నుంచి వెళ్ళిన ఫ్రాంక్ క్లౌజ్ ఇద్దరూ పిన్నుల పక్షమే. పేర్లు పక్కన పెడదాం. తోకలు ముందు కోస్తే గీతలు ఎక్కడికి దించుకుంటారు? పిన్ను పలక కొస మీదికి. ఆ పలకను నిలబెట్టి, అర అంగుళం కొస మీద రెండో పలకను పడుకోబెట్టి, కదలకుండా ఒక చేత్తో అదిమి, ఇరుకు సందులోంచి చాకు దూర్చాలి. పిన్నులు సన్నగా ఉంటే చాకు దూరనే దూరదు. అదే పిన్నులు ముందైతే తోక పలకను బల్ల మీద వెల్లకిలా పడేసి, పిన్ను పలకను దాని మీద నిలబెట్టి, చుట్టూ గీసేయడమే. చాకు ఆడటానికి కావలసినంత చోటుంటుంది.

గోదారి_చెక్కపొట్టు:
ఆడుతుంది, ఆడి ఎటో పోతుంది కూడా. పిన్నుల నుంచి దించే గీత చెక్క నార వెంటే, కాస్త ఏటవాలుగా వెళ్తుంది. గట్టి చెక్కకు వాడే 1:8 వాలంటే ఏడు డిగ్రీలు, అంతే. చాకు మొన టేకు నారలో పడిందంటే నీ గీతను వదిలేసి నార దారే పడుతుంది. కొస మీద గీస్తే ఆ బాధ లేదు.

పలక కదలడం గురించా? తోకలు వచ్చే మేర పలక లోపలివైపు అర మిల్లీమీటరు పల్చన చేస్తే తోకల మొదట్లో గీసిన గేజ్ గీత దగ్గర చిన్న మెట్టు వస్తుంది. పిన్ను పలక ఆ మెట్టుకు ఆనుకుని కూర్చుంటుంది, ఇక జరగదు. స్టాన్లీ 140 అనే చిత్రిక (ప్లేన్)తో తీసే మెట్టు కాబట్టి దీనికి 140 ట్రిక్ అనే పేరొచ్చింది. చాకు దూరకపోతే అదే రంపాన్ని తోకల సందులో పెట్టి ఒకసారి వెనక్కి లాగు, గుర్తు పడుతుంది.

పాతరంపం:
మొదటిసారి చేసేవాడికి ప్లేన్ కొనుక్కో, మెట్టు తియ్యి, రంపంతో గుర్తు పెట్టు అని చెబుతున్నావు. నా పద్ధతికి ఇవేవీ అక్కర్లేదు. జంటగా కొయ్యడం కూడా చెప్పినంత సుఖం కాదు. రెండు పలకలు కలిపితే అంగుళం మందం. రంపం మట్టం తప్పితే ఆ తప్పు రెండు మూలల్లోకీ వెళ్తుంది.

గోదారి_చెక్కపొట్టు:
అంగుళం మందం మీద గీత పొడుగ్గా కనిపిస్తుంది కాబట్టే రంపం తిన్నగా నడుస్తుంది. అయినా ప్లేన్ కొనమని ఎవరన్నారు? ఆ మెట్టు ఉలితోనూ తీయొచ్చు.

డాలస్_బుజ్జి:
నాదో డౌటు. కుట్టుసామాను పెట్టెలో ఏనుగుల్ని దాస్తారా? మూలలు 45 డిగ్రీలకు కోసి జిగురు పెట్టి రబ్బరు బ్యాండ్లు వేస్తే ఒక సాయంత్రంలో అయిపోతుంది.

కోనసీమ_బాడిస:
బుజ్జి గారూ, 45కి కోస్తే కొసకు కొస అంటించినట్టే. కొస జిగురును తాగేస్తుంది, అతుకు బలంగా ఉండదు. మూలలో అడ్డంగా గాడి తీసి పల్చటి బద్దలు దించితే నిలుస్తుంది. అదీ చేతిపనే, సాయంత్రంలో తేలదు.

అసలు విషయం ఎవరూ అడగలేదు. తమ్ముడూ, వైస్ (పలకను కదలకుండా బిగించిపట్టే సాధనం) ఉందా? మా నాన్న వడ్రంగి. నేల మీద కూర్చుని, పలకను పాదంతో తొక్కిపట్టి పని చేస్తారు. ఆయనకు పాదమే వైస్. ఈ రెండు పక్షాల వీడియోల్లోనూ బల్లకు బలమైన వైస్ ఉంటుంది, అందుకే అంతా తేలిగ్గా కనిపిస్తుంది. పలక ఊగుతుంటే తోకలూ సరిగ్గా రావు, పిన్నులూ రావు.

అపార్ట్‌మెంట్_ఉలి:
లేదన్నా. డైనింగ్ టేబుల్, రెండు సీ-క్లాంపులు. అమ్మ ఇంకా చూడలేదు.

కోనసీమ_బాడిస:
అయితే బరువైన చెక్క దిమ్మ ఒకటి టేబుల్ అంచుకు బిగించి, పలకను నిలువుగా దానికి క్లాంపు చెయ్యి. కొస దిమ్మ పైకి ఒక అంగుళమే ఉండాలి, ఎక్కువుంటే వణుకుతుంది. గీతలు దించేటప్పుడు పిన్ను పలక కొసను దిమ్మ పైభాగానికి సమంగా పెడితే, మీద పడుకోబెట్టిన తోక పలకకు దిమ్మే ఆసరా. పాతరంపం గారు చెప్పిన అవస్థ చాలావరకు దీంతో పోతుంది. అందుకే నా ఓటు తోకలకే.

ముందు ఏది కోసినా, కోశాక దాన్ని ముట్టుకోవద్దు. బిగుతు సరిచేసేది రెండో పలక మీదే. రంపం తీసేయాల్సిన చెక్క వైపు నడవాలి, చాకు గీతలో సగం చెక్క మీద మిగలాలి. గీతను తినేశావా, సందు పడుతుంది. మరీ మందంగా వదిలావా, అదీ ప్రమాదమే. పైన్ అయితే నలిగి సర్దుకుంటుంది. టేకు సర్దుకోదు, సుత్తితో కొడితే అంచు తోక దగ్గర నిలువునా చీలుతుంది.

ఉలి కూడా ఒకేసారి గేజ్ గీతలో దించకు. దాని ఏటవాలు అంచు చెక్కను ఒత్తుతుంటే ఉలి వెనక్కి జరిగి గీత దాటేస్తుంది. ఒక మిల్లీమీటరు ఇవతల మొదలుపెట్టి పొట్టు తీశాక, చివరి పల్చటి పొర మాత్రం గీతలో ఉలి పెట్టి దించు. సగం లోతు వరకు ఒకవైపు నుంచి, మిగతాది రెండోవైపు నుంచి. టేకులో సిలికా ఉంటుంది, పదును తొందరగా పోతుంది. ఒక్కో మూలకు ఒకసారి సానరాయి ఎక్కించాల్సిందే. పాత తలుపు కదా, మేకులున్నాయేమో ముందు అయస్కాంతంతో చూసుకో. జిగురు పెట్టే ముందు, అప్పటికప్పుడు, అతుకులు థిన్నర్ గుడ్డతో తుడువు. టేకు నూనె మీద జిగురు సరిగ్గా పట్టదు.

అపార్ట్‌మెంట్_ఉలి:
చాలా థాంక్స్ అన్నా. తోకలు ముందు కోస్తాను. మొదటి మూల మాత్రం మామిడి చెక్క ముక్క మీద.

పాతరంపం:
మామిడి మీద వద్దు, ఆ తలుపులోంచే మిగిలిన ముక్క మీద చెయ్యి. మామిడి మీద కుదిరిన బిగుతు టేకు మీద కుదరదు. అదే ముక్క రెండో కొస మీద పిన్నులు ముందు కూడా ఒకసారి కోసి చూడు, ఆ తర్వాత ఓటెయ్యి.

ఇంకోటి. మూత విడిగా చేస్తావా, మూసిన పెట్టె చేసి రంపంతో రెండుగా కోస్తావా? కోసేటట్టయితే కోత పడే చోట పిన్ను వెడల్పు పెంచుకో. రంపం తినేది, తర్వాత చిత్రికకు పోయేది అంతా దాంట్లోంచే పోవాలి, మిగిలింది కింద సగం, పైన సగం అంచు పిన్నులవ్వాలి. ఇది తోకలు గీసేముందే తేల్చుకోవాలి.