బెల్టు తెగినా మోటారు కరెంటు పెద్దగా తగ్గలేదు, ఎందుకు?

ప్రశ్న:
మా విభాగంలో ధూళిని లాగే బ్లోయరును 7.5 కిలోవాట్ల మూడు ఫేజుల ఇండక్షన్ మోటారు బెల్టు ద్వారా తిప్పుతుంది. ఒక ఫేజుకు 100/5 సీటీ (తీగలోని 100 ఆంపియర్లను 5 ఆంపియర్లకు తగ్గించి మీటరుకిచ్చే కరెంట్ ట్రాన్స్‌ఫార్మరు) తగిలించి, కరెంటు 5 ఆంపియర్ల కన్నా తగ్గితే అలారం మోగేలా అమర్చాను. మామూలుగా 11 ఆంపియర్లు చూపే మీటరు, మొన్న బెల్టు తెగి మోటారు ఒట్టిగా తిరుగుతున్నప్పుడు కూడా 6 దగ్గరే నిలబడింది. షెడ్డంతా ధూళి కమ్మేదాకా మాలో ఎవరికీ తెలియలేదు. మీటరు తప్పు చూపుతోందా, లేక నేను గమనిస్తున్న కొలతే సరైనది కాదా?

జవాబు 1:
మీటరు సరిగ్గానే చూపుతోందండి. లోడు ఉన్నా లేకపోయినా ఇండక్షన్ మోటారు తన అయస్కాంత క్షేత్రాన్ని నిలుపుకోవడానికి కొంత కరెంటును లాగుతూనే ఉంటుంది. ఈ పరిమాణపు మోటార్లలో అది పూర్తి లోడు కరెంటులో మూడో వంతు నుంచి సగం దాకా ఉండడం మామూలే. అయితే ఆ కరెంటు వోల్టేజీకి దాదాపు 90 డిగ్రీలు వెనకబడి ఉంటుంది కనుక అందులో పనికి మారే భాగం చాలా స్వల్పం. 415 వోల్టుల మీద మీ మోటారు లోడుతో 6 కిలోవాట్లకు పైగా తీసుకుంటుంటే, బెల్టు తెగాక 1 కిలోవాటు కూడా తీసుకోదు. కాబట్టి కరెంటును కాకుండా కిలోవాట్లను చూసి అవి తగ్గితే అలారం మోగించే రిలే పెట్టండి. బేరింగు బిగుసుకోవడం వంటి ఓవర్‌లోడును పట్టుకోవడానికి మాత్రం కరెంటే చాలు.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తూ సీటీ గురించి ఒక సంగతి చెబుతాను. 11 ఆంపియర్లకు 100/5 సీటీ సెకండరీలో (మీటరుకు వెళ్ళే వైపు) 0.55 ఆంపియరే వస్తుంది, అంత దిగువన కచ్చితత్వం బలహీనం. ఫేజు తీగను సీటీ రంధ్రంలోంచి 5 సార్లు పోనిస్తే అది 20/5 అవుతుంది, సెకండరీలో 2.75 ఆంపియర్లు దొరుకుతాయి. బయట కనిపించే చుట్లను కాకుండా రంధ్రం లోపలి తీగలను లెక్కపెట్టండి, అక్కడే చాలామంది ఒకటి తప్పుతారు. ఈ పనంతా సరఫరా ఆపాకే చేయాలి. మోటారు నడుస్తుండగా సెకండరీ తీగ విప్పితే కొసల మధ్య ప్రాణాంతకమైన వోల్టేజీ పుట్టవచ్చు. మీటరు తీయవలసి వస్తే ముందుగా సెకండరీ కొసలైన ఎస్1, ఎస్2లను షార్ట్ చేయండి.

జవాబు 3:
మోటారుకు ముందు వీఎఫ్‌డీ (ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగాన్ని మార్చే డ్రైవు) ఉన్నదా? ఉంటే దాని అవుట్‌పుట్ వైపు మామూలు సీటీని నమ్మకండి, తక్కువ ఫ్రీక్వెన్సీలో సీటీలోని ఇనుప కోరు సంతృప్తమై (ఇక అయస్కాంతత్వాన్ని పెంచుకోలేక) కొలత చెడిపోతుంది. అక్కడ అయస్కాంత క్షేత్రాన్ని బట్టి కరెంటును కొలిచే హాల్ సెన్సారు వాడాలి, లేదా డ్రైవు లెక్కగట్టే పవరునే తీసుకోవాలి.

ప్రశ్నించినవారు:
వీఎఫ్‌డీ లేదండి, నేరుగా స్టార్టరుతోనే నడుస్తోంది. సీటీకి 5 చుట్లు వేసి, కిలోవాట్ల రిలేను 3 దగ్గర పెడుతున్నాను. బ్లోయరు పూర్తి వేగం అందుకొనే వరకు అలారం పలకకుండా ఆలస్యం కూడా కలుపుతాను.

జవాబు 1:
సరిపోతుంది. సీటీ ఏ ఫేజు మీద ఉందో రిలేకు ఆ ఫేజు వోల్టేజీనే ఇవ్వండి, సీటీ మీద పీ1 అని గుర్తున్న ముఖం సరఫరా వైపు ఉండేలా చూడండి. తలకిందులైతే పవరు రుణాత్మకంగా కనిపిస్తుంది.