ప్రకటనలోంచి అక్షరాలు తీసేస్తే అది ఆర్ట్ ఎలా అవుతుంది?

గోదారిగట్టు:
హాంక్ విల్లిస్ థామస్ అనే అమెరికన్ నల్లజాతి ఆర్టిస్ట్ చేసిన ‘అన్‌బ్రాండెడ్’ సిరీస్ నెట్‌లో చూశాను. 1968 నుంచి 2008 వరకు నల్లవాళ్ళను చూపిస్తూ, వాళ్ళ కోసం వేసిన పత్రికా ప్రకటనలు తీసుకుని కంపెనీ పేరు, స్లోగన్, లోగో మొత్తం చెరిపేశాడు. ఏడాదికి రెండు చొప్పున 82 బొమ్మలు. ఫొటోలు ఆయన తీసినవి కావు, ఐడియా కూడా ఏదో ఏజెన్సీది. వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నా, ఇందులో ఆయన పనేంటి?

లేఅవుట్ బాబాయ్:
నేను యాడ్ ఏజెన్సీలోనే పనిచేస్తా. ఒకసారి ఫేస్ క్రీమ్ ప్రకటన చేస్తూ టెక్స్ట్ లేయర్ ఆఫ్ చేశాను. మిగిలింది ఒకే అమ్మాయి రెండు ముఖాలు, ఎడమవైపు నల్లగా తల వంచుకుని, కుడివైపు తెల్లగా నవ్వుతూ. వారం రోజులుగా ఆ ఫైల్ మీదే కూర్చున్నా, ఆ ఎడమవైపు పిల్ల ఎందుకు ఏడుపు మొహం పెట్టిందని ఒక్కసారీ తోచలేదు. హెడ్‌లైన్ ఉన్నంతసేపూ కళ్ళు అది చెప్పినట్టే చూస్తాయి. మనది రంగు పిచ్చి, వాళ్ళది జాతి గొడవ, రెండూ ఒకటి కాదని తెలుసు, కానీ కిటుకు ఒకటే. ఇక ఆ ఏళ్ళు కూడా ఊరికే పెట్టలేదు బ్రదర్, 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపారు, 2008లో ఒబామా గెలిచాడు.

చిత్రలేఖ:
చెరపడం నచ్చకపోతే బెటీ సార్ (సార్ అన్నది ఇంటిపేరు) అనే అమెరికన్ నల్లజాతి ఆర్టిస్ట్ 1972లో చేసిన ‘ది లిబరేషన్ ఆఫ్ ఆంట్ జెమైమా’ చూడండి. ఆంట్ జెమైమా అంటే పాన్‌కేక్ పిండి ప్యాకెట్ మీద నవ్వుతూ ఉండే నల్లజాతి వంటమనిషి. తెల్లవాళ్ళ ఇంట్లో చాకిరీ చేస్తూ ఆనందంగా ఉండే ఆవిడన్నమాట! బెటీ సార్ అలాంటి పాత బొమ్మ ఒకటి తీసుకుని ఒక చేతిలో చీపురు అలాగే ఉంచి రెండో చేతికి రైఫిల్ ఇచ్చింది, ముందు బిగించిన పిడికిలి పెట్టింది, వెనకంతా అదే లేబుల్ ముఖం వరసలు వరసలుగా అతికించింది. నవ్వు మాత్రం మార్చలేదు, భయం వేసేది అందుకే. కంపెనీ ఆ పేరు తీసేస్తామని చెప్పింది 2020లో, అంటే 48 ఏళ్ళకి. మన ఫెయిర్ అండ్ లవ్లీ గ్లో అండ్ లవ్లీ అయిందీ ఆ ఏడాదే, లోపల క్రీమ్ మారిందా అని మా అమ్మ ఇంకా అడుగుతోంది.

సందేహం రావు:
అంతా బాగుంది గానీ ఇవి చూసేది మ్యూజియంకి వెళ్ళేవాళ్ళేగా? ప్రకటన చూసిన జనంలో ఎంతమందికి చేరతాయి?

లేఅవుట్ బాబాయ్:
ఒప్పుకుంటా. అయితే థామస్ చెరపడం ఒక్కటే చేయలేదు. 2000లో ఫిలడెల్ఫియాలో ఆయన కజిన్‌ని కాల్చి చంపారు. ఆ అంత్యక్రియల ఫొటో మీద మాస్టర్‌కార్డ్ ప్రకటన పద్ధతిలోనే ధరలు వేశాడు, సూటు 250 డాలర్లు, తూటా 60 సెంట్లు, చివర్న కొడుక్కి శవపేటిక ఎంచుకోవడం వెలకట్టలేనిది అని. ఇందులో అక్షరాలే అసలు పని.

గోదారిగట్టు:
ఆ తూటా ధర చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. పొద్దున పేపర్లో చీరల షాపు ఫుల్‌పేజీ ప్రకటన మీద అక్షరాలకి చెయ్యి అడ్డుపెట్టి చూశాను, తొమ్మిది మంది ఆడవాళ్ళలో చామనఛాయ మనిషి ఒక్కరూ లేరు. ‘అన్‌బ్రాండెడ్’ మీద అనుమానం సగం అలాగే ఉంది, నాకైతే బెటీ సార్ చేసిన బొమ్మే గట్టిగా తగిలింది.