టాటా నెక్సాన్ పెట్రోలా, డీజిలా, ఈవీనా? సిటీలో అపార్ట్‌మెంట్, పండక్కి గుడివాడ

గుడివాడ_అబ్బాయి

అందరికీ నమస్కారం. ఇంట్లో నెక్సాన్ అని ఖాయమైంది, ఏ ఇంజిన్ అన్న దగ్గర ఆగిపోయాం. ఒకే కారు మూడు రకాలుగానూ దొరుకుతోంది కాబట్టి సీట్లు, డిక్కీ, సేఫ్టీ గురించి చర్చ అక్కర్లేదు. మాది మియాపూర్‌లో అపార్ట్‌మెంట్, ఆఫీసు గచ్చిబౌలి, నెలకి వెయ్యి కిలోమీటర్ల దాకా సిటీలోనే తిరుగుతాను. సంక్రాంతికీ, వేసవికీ, అమ్మానాన్నలకి ఒంట్లో బాగోకపోతే మధ్యమధ్యలోనూ గుడివాడ దగ్గర మా ఊరు వెళ్లాలి, ఒకవైపు 320 పైనే. పెట్రోల్ ఏడున్నర లక్షల లోపే మొదలవుతోంది, డీజిల్ తొమ్మిది దగ్గర, ఈవీ (బ్యాటరీ కారు) పన్నెండున్నర దగ్గర. కనీసం పదేళ్లు ఉంచుకుంటాను. వాడుతున్నవాళ్లు చెప్పండి.

ఖమ్మం_రోడ్లు

తమ్ముడూ, నాది డీజిల్. మందుల కంపెనీ ఉద్యోగం, ఖమ్మం నుంచి కొత్తగూడెం, భద్రాచలం, సత్తుపల్లి, రోజూ రోడ్డు మీదే. లీటరుకి 20 పైన వస్తుంది. డీజిల్ నెక్సాన్‌కి టార్క్, అంటే బండిని లాగే బలం, 260 ఎన్ఎం, పెట్రోల్‌కి 170. నలుగురు ఎక్కి డిక్కీ నిండా సామాను వేసినప్పుడు లారీని దాటాలంటే ఆ తేడా కాలికి తెలుస్తుంది. అయినా నీకు మాత్రం డీజిల్ వద్దు.

ఎందుకంటే డీపీఎఫ్. బీఎస్6 (ఇప్పటి పొగ నిబంధనల) డీజిల్ కార్లన్నిటికీ పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే సైలెన్సర్ వైపు వేడి 600 డిగ్రీల దాకా ఎక్కాలి, అది హైవే మీద దానంతట అదే జరిగిపోతుంది. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ వెళ్లే కారులో ఆ వేడి రాదు, మొదలైన బర్నింగ్ కూడా ఆఫీసు రాగానే ఇంజిన్ ఆపేస్తే మధ్యలోనే ఆగిపోతుంది. అలా పదేపదే జరిగితే లైట్ వెలుగుతుంది, కాలని డీజిల్ ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. మా బావమరిది కారుకి (వేరే కంపెనీది) అదే అయింది, లైట్ వచ్చినప్పుడల్లా పని కట్టుకుని ఓఆర్ఆర్ ఎక్కి గేరు తగ్గించి ఇరవై నిమిషాలు లాగి వస్తాడు. నెలలో సగం హైవే ఉన్నవాళ్లకే డీజిల్.

నిజాంపేట_పెట్రోల్

డీజిల్ పదేళ్లకే తీసేయాలి కదా, దాని గురించి ఎవరూ అనరేం?

ఖమ్మం_రోడ్లు

అది ఢిల్లీ చుట్టుపక్కల రూల్ అన్నా. మన రెండు రాష్ట్రాల్లో అలాంటిది లేదు. ఇక్కడ పదిహేనేళ్లకి ఫిట్‌నెస్ చేయించుకుని రిజిస్ట్రేషన్ రెన్యూవల్, గ్రీన్ ట్యాక్స్ కట్టి నడుపుకోవచ్చు. ఆ భయంతో డీజిల్ మానక్కర్లేదు.

కొండాపూర్_ఈవీ

నేను ఈవీ నడుపుతున్నాను, ఇంటి దగ్గరే ఛార్జింగ్. కరెంటు బిల్లు గురించి యూట్యూబ్‌లో చెప్పే లెక్కలు నమ్మకండి, "యూనిట్ అయిదు రూపాయలే" అంటారు. కారు తీసుకునే యూనిట్లు మీ ఇంటి వాడకం మీద అదనం, అంటే అవన్నీ పై స్లాబులోకి వెళ్తాయి. తెలంగాణలో 300 దాటాక యూనిట్ 9 రూపాయలు, 400 దాటితే ఇంకో అర్ధ రూపాయి. కాబట్టి తొమ్మిదిన్నర వేసే లెక్క చేయండి. వెయ్యి కిలోమీటర్లకి, ఛార్జింగ్‌లో పోయేది కూడా కలిపితే 160 యూనిట్లు అనుకోండి, 1,500 చిల్లర అవుతుంది. అదే వెయ్యి కిలోమీటర్లకి పెట్రోల్ సిటీలో లీటరుకి 12 ఇస్తే, లీటరు 107 లెక్కన 8,900. డీజిల్ 16 ఇస్తే ఆరు వేల దగ్గర. ఇంత జాగ్రత్తగా వేసినా తేడా అంత ఉంది.

ఇంకొకటి, లైఫ్ ట్యాక్స్. తెలంగాణలో ఈవీకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు రెండూ లేవు, 2026 డిసెంబరు 31 దాకా. అదే పెట్రోల్, డీజిల్ అయితే పదమూడు లక్షల కారుకి రెండు లక్షల పైమాటే. షోరూమ్ ధర మాత్రమే పక్కపక్కన పెట్టుకుని ఈవీ ఖరీదు అనకండి, ఆన్‌రోడ్ ధర రాయించుకుని చూడండి. జీఎస్టీ మాత్రం ఇప్పుడు పెట్రోల్, డీజిల్ చిన్న కార్లకి కలిసొచ్చింది, 2025 సెప్టెంబరు నుంచి 18 శాతమే. ఈవీకి ముందునుంచీ 5.

నిజాంపేట_పెట్రోల్

లెక్కలు బాగున్నాయి అక్కా, ఛార్జర్ పెట్టుకునే చోటు ఉన్నవాళ్లకి. మా అపార్ట్‌మెంట్‌లో అసోసియేషన్ ఒప్పుకోలేదు. సెల్లార్‌లో మంటలొస్తే ఎవరిది బాధ్యత అన్నారు, కామన్ మీటర్ నుంచి కరెంటు ఇచ్చేది లేదన్నారు, నా మీటర్ నుంచి నేనే కేబుల్ లాక్కుంటానంటే గోడలు పాడవుతాయన్నారు. ఆరు నెలలు తిరిగి పెట్రోల్ తీసుకున్నాను. బయట ఫాస్ట్ ఛార్జర్లలో జీఎస్టీతో కలిపి యూనిట్ 20 పైనే పడుతుంది, పైగా వారానికోసారి అక్కడ కూర్చోవాలి, అలాంటప్పుడు అంత డబ్బు ముందే పెట్టడం ఎందుకు? పెట్రోల్‌లో టెన్షన్ లేదు. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వల్ల మైలేజీ కొంచెం తగ్గిన మాట నిజమే, ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. నెలకి నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగేవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా పెట్రోల్ తీసుకోవచ్చు. నువ్వు వెయ్యి అంటున్నావు కాబట్టి ముందు పార్కింగ్ సంగతి తేల్చుకో, ఆ తర్వాతే కారు.

వరంగల్_వైరింగ్

నాది ఎలక్ట్రికల్ పని, ఈవీ పాయింట్లు చాలానే పెట్టాను. సిటీ కంటే ఊళ్లోనే జాగ్రత్తగా ఉండాలి సార్. పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది కానీ ఎర్త్ వైరు ఎక్కడికీ వెళ్లదు. ఫ్యాన్లకీ, టీవీకీ తెలియదు, కారు మాత్రం ఎర్త్ లేదని కనిపెట్టి ఛార్జింగ్ తీసుకోదు. రాత్రి ప్లగ్ పెట్టి పడుకుంటే పొద్దున చూసేసరికి అలాగే ఉంటుంది. ముందే మీ ఊళ్లో ఎలక్ట్రీషియన్ని పిలిచి, ఇంటి పక్కన గుంత తీయించి రాడ్డు దింపి, బొగ్గు, ఉప్పు వేయించి, అక్కణ్ణుంచి వరండా దాకా విడిగా 4 ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) వైరు, 16 ఆంప్స్ సాకెట్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, ప్లగ్గులు కరిగిపోయినవి నేను చాలా చూశాను. 45 కిలోవాట్ అవర్ (అంటే 45 యూనిట్ల) బ్యాటరీ అయితే మామూలు సాకెట్‌లో ఖాళీ నుంచి నిండడానికి ఒక రాత్రి చాలదు, ఆ లెక్క కూడా ఉంచుకోండి.

విశాఖ_ఘాట్

అరకు వైపు తరచూ వెళ్తాం. ఎక్కేటప్పుడు ఈవీలో బ్యాటరీ గబగబా దిగిపోతుంటే కంగారు పడొద్దు, దిగేటప్పుడు రీజెన్ వల్ల, అంటే మోటారే బండిని ఆపుతూ కరెంటు చేయడం వల్ల, కొంత తిరిగొస్తుంది, బ్రేకులు కూడా అంతగా వేడెక్కవు. మీది కృష్ణా జిల్లా, అంతా చదును, మీకు ఈ గొడవే లేదు.

గుడివాడ_అబ్బాయి

అందరికీ చాలా థ్యాంక్స్. నిజాంపేట అన్న చెప్పాక ముందు అసోసియేషన్ దగ్గరికే వెళ్లాను. మా ఫ్లాట్ మీటర్ నుంచి నా ఖర్చుతో కేబుల్ లాక్కోవడానికి ఒప్పుకున్నారు, పైపులోంచి వెళ్లాలి, ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే పడిపోయే స్విచ్) విడిగా ఉండాలి అన్నారు, కాగితం మీద రాసిచ్చారు కూడా. కాబట్టి ఈవీ, 45 బ్యాటరీదే. ఊళ్లో నాన్నకి ఫోన్ చేసి ఎర్తింగ్ పని చెప్పాను. ఇక ఒక్కటే భయం: కంపెనీ చెప్పే 489 కిలోమీటర్లు హైవే మీద రావని తెలుసు, మరి సంక్రాంతికి విజయవాడ హైవేలో పంతంగి టోల్ దగ్గర బారులు తీరే రోజుల్లో ఛార్జర్ల పరిస్థితి ఏంటి?

కొండాపూర్_ఈవీ

80, 90లో వెళ్తే నాకు 320 దాకా వస్తుంది, 110 పట్టుకుంటే 270 దగ్గర ఆగిపోతుంది. నువ్వు ఎలాగూ ఒకచోట పెట్టాల్సిందే. అందరూ టిఫిన్‌కి సూర్యాపేటలోనే ఆగుతారు, పండగ రోజుల్లో అక్కడ ఛార్జర్ ఖాళీ దొరకడం కష్టం. ఫుల్‌తో బయల్దేరి 80, 90లోనే వెళ్తే సూర్యాపేట దాటి కోదాడ, నందిగామ దాకా హాయిగా వెళ్లొచ్చు, అక్కడ ఆగు. 20 శాతానికి దిగకముందే ఆగు, ఒకవేళ ఆ మెషీన్ పనిచేయకపోయినా తర్వాతి దానికి వెళ్లే ఛార్జ్ మిగలాలి, పనిచేయనివి తగలడం మామూలే. 80 రాగానే తీసేయ్, ఆ పైన చాలా నెమ్మదిగా ఎక్కుతుంది, వెనక వాళ్లూ ఎదురుచూస్తుంటారు. రెండు మూడు కంపెనీల యాప్‌లు ఇంటి దగ్గరే వేసుకుని వాలెట్‌లో డబ్బులు పెట్టుకో, హైవే మీద సిగ్నల్ లేని చోట ఓటీపీ కోసం నిలబడాల్సి వస్తుంది. బండి డిసెంబరు 31 లోపు రిజిస్టర్ అయ్యేలా డెలివరీ తేదీ మాత్రం రాయించుకో.