వేలంలో చూసిన రోమన్ గాజు బుడ్డి అసలైనదో కాదో ఎలా తెలుసుకోవాలి?

అట్లాంటావాసి (ప్రశ్న):

నమస్కారం. ఒక ఆన్‌లైన్ వేలంలో అమ్మకానికి పెట్టిన చిన్న గాజు బుడ్డి గురించి ఇక్కడి పెద్దల అభిప్రాయం కోరుతున్నాను. దాని ఎత్తు 11 సెంటీమీటర్లు, రంగు లేత ఆకుపచ్చ. పొడవాటి సన్నని మెడ, దాని కింద అణిగిన గంటను తలపించే పొట్ట ఉన్నాయి. ఒక పక్కంతా ఊదా, బంగారు రంగులు కలిసిన నెమలికంఠపు మెరుపు ఉండగా రెండో పక్క దాదాపు ఏమీ లేదు. అంచు మడతలోనూ మెడ మొదట్లోనూ మట్టి పట్టి ఉంది, అడుగున గరుకైన మచ్చ ఒకటి ఉంది. ‘రోమన్ కన్నీటి బుడ్డి, క్రీ.శ. 1వ శతాబ్దం, పాత ఇంగ్లండు సేకరణ నుంచి, 1980లు’ అని వివరణ రాశారు. అమ్మకందారు తన సంతకంతో ధ్రువపత్రం కూడా ఇస్తారట. ఆ మెరుపును నమ్మవచ్చా? ధ్రువపత్రానికి విలువ ఉంటుందా? కొన్న తర్వాత ప్రయోగశాలలో పరీక్ష చేయిస్తే వయసు తేలుతుందా?

కొలిమిగట్టు:

ఫోటోలు చూసి ఒక వస్తువు నకిలీ అని చాలాసార్లు ధైర్యంగా చెప్పవచ్చు గానీ, అసలైనదని చెప్పడం దాదాపు అసాధ్యం. కాబట్టి నేను రాసేదంతా ఆ బుడ్డిని తోసిపుచ్చడానికి కారణాలు వెతకడమే అనుకోండి.

‘కన్నీటి బుడ్డి’ అన్నది అమ్మకందార్లు వదలని పాత కట్టుకథ. ఆప్తుల కన్నీళ్లు పట్టి సమాధిలో పెట్టేవారని చెబుతారు గానీ, వీటిలో పోసినవి సుగంధ తైలాలు, లేపనాలు, మందులు. మీరు వర్ణించిన రూపం డచ్ పరిశోధకురాలు క్లాసినా ఐసింగ్స్ 1957లో ప్రచురించిన వర్గీకరణలో 82వది. అది 1వ శతాబ్దం చివర మొదలై, తర్వాతి రెండు శతాబ్దాల్లో విరివిగా కనిపిస్తుంది. అందువల్ల వివరణలోని తేదీ వస్తువు మీద కంటే అమ్మకందారు పరిజ్ఞానం మీదనే ఎక్కువ అనుమానం కలిగిస్తోంది. ఇలాంటి సాదా బుడ్డీలు అరుదైనవేమీ కావు. సిరియా, లెబనాన్, పాలస్తీనా ప్రాంతాల సమాధుల్లో లెక్కలేనన్ని దొరికాయి కనుక, మొత్తం బుడ్డినే కొత్తగా తయారుచేయడం కంటే మామూలు పాత బుడ్డికి మెరుపు అద్ది ధర పెంచడం, ఒకదాని మెడను మరొకదాని పొట్టకు అతికించడం వంటి పనులకే ఎక్కువ అవకాశం ఉంది.

ఇక మెరుపు సంగతి. గాజు వందల ఏళ్లు తడి మట్టిలో ఉన్నప్పుడు దానిలోని సోడా కొద్దికొద్దిగా కరిగిపోయి, మిగిలిన సిలికా ఉల్లిపొరల వంటి పల్చని పొరలుగా విడుతుంది. ఆ పొరల మధ్య కాంతి పరావర్తనం చెందడం వల్ల రంగులు పుడతాయి. అంటే ఆ రంగు గాజుకు పూసినది కాదు, గాజే శిథిలమై ఏర్పడినది. అందువల్ల అసలైన పొర రాలిన చోట అంచు మెట్లుమెట్లుగా కనిపిస్తుంది, దాని కింద గాజు సన్నని గుంటలు పడి మసకగా ఉంటుంది. తగరపు క్లోరైడు ఆవిరి పట్టించి మెరుపు తెప్పించే పద్ధతి 19వ శతాబ్దం చివరి నుంచీ యూరప్, అమెరికా కళాగాజు కర్మాగారాల్లో ఉన్నదే. అలా వచ్చిన మెరుపు నున్నని, తళతళలాడే గాజు మీద ఒకే తీరున పరుచుకుని ఉంటుంది, గోటితో గీకినా పొరలుగా లేవదు. మెరుపు ఒక పక్కనే ఉండటం మాత్రం తప్పు కాదు, ఎందుకంటే సమాధిలో ఒరిగి పడి ఉన్న బుడ్డికి రెండు పక్కలా ఒకే రకమైన తడి తగలదు.

అమ్మకందారును మూడు దగ్గరి ఫోటోలు అడగండి: మెరుపు ఆగిపోయే సరిహద్దు, మెడ లోపలి గోడ, మట్టి పట్టిన అంచు మడత. మట్టి కింద గాజు కొత్తదానిలా నిగనిగలాడుతుంటే, లేదా మట్టి చుట్టూ తడిగా కనిపించే మెరిసే వలయం ఉంటే, అది జిగురుతో అంటించిన మట్టి అయి ఉండవచ్చు. అడుగున ఉన్న మచ్చ పాంటిల్ మచ్చ కావచ్చు. ఊదిన బుడ్డిని కొలిమి దగ్గర అడుగువైపు ఇనుప కడ్డీకి అంటించి మూతి దిద్దుతారు, ఆ కడ్డీ విరిచినప్పుడు మిగిలే గుర్తు అది. అయితే ఈ పద్ధతిని నేటి గాజు పనివారు కూడా అనుసరిస్తారు కనుక, ఆ మచ్చ ఉండటం వయసుకు సాక్ష్యం కాదు.

చివరగా ఒక హెచ్చరిక. పూసిన రంగయితే ఊడి వస్తుందని, దూదిని ఎసిటోన్‌లో ముంచి తుడిచి చూడమని చాలామంది సలహా ఇస్తారు, దయచేసి ఆ పని చేయకండి. రాలిపోతున్న అసలు పొరలను నిలపడానికి మ్యూజియం సంరక్షకులు వాడే పారలాయిడ్ బి-72 అనే పారదర్శక జిగురు కూడా ఎసిటోన్‌లో కరుగుతుంది. నకిలీని పట్టుకోబోయి అసలు పొరనే పోగొట్టుకునే ప్రమాదం ఉంది.

రసాయనం:

మీ మూడో ప్రశ్నకు జవాబు: గాజు పాత్ర ఎప్పుడు తయారైందో నేరుగా చెప్పగల పరీక్ష వాడుకలో లేదు. మట్టిపాత్రలను వేడిచేసి, వెలువడే కాంతిని బట్టి వయసు లెక్కగట్టే థెర్మోల్యూమినిసెన్స్ పరీక్ష ఇక్కడ పనికిరాదు. పరీక్ష తేల్చగలిగేది గాజు కూర్పును మాత్రమే. రోమన్ కాలపు గాజును ఈజిప్టు ఉప్పు సరస్సుల్లో దొరికే సహజ సోడా అయిన నాట్రాన్‌తో చేశారు కనుక, అందులో మెగ్నీషియా, పొటాష్ ఒక్కొక్కటి సాధారణంగా 1.5 శాతానికి లోపే ఉంటాయి. నేటి సీసాల గాజులో మెగ్నీషియా తరచుగా అంతకంటే ఎక్కువ. బోరాన్ ఎక్కువగా ఉన్నా, క్రోమియంతో తెచ్చిన ఆకుపచ్చ రంగు ఉన్నా అది కొత్త గాజే, చర్చ అక్కడితో ముగుస్తుంది. అయితే చేతిలో పట్టుకునే ఎక్స్-రే పరికరం సోడియంను చూడలేదు, పైగా అది కొలిచేది కూర్పు ఇప్పటికే మారిపోయిన శిథిల ఉపరితలాన్ని. పాత గాజు పెంకులను కరిగించి కొత్త బుడ్డి ఊదితే కూర్పు అసలైనదిగానే తేలుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కాగితాలపెట్టె:

ఎవరి సరుకుకు వారే ఇచ్చుకునే ధ్రువపత్రం వాపసు హామీకి మించినది కాదు, అది కూడా గడువు, షరతులు రాసి ఉంటేనే. ‘పాత ఇంగ్లండు సేకరణ’ అంటే ఎవరిది, ఏ వేలంలో కొన్నారు, ఆ కేటలాగులో లాట్ సంఖ్య ఎంత, అందులో ఇదే బుడ్డి ఫోటో ఉందా అని అడగండి. దొంగిలించిన వస్తువుల జాబితాలో లేదని చూపే పత్రం కూడా ఇక్కడ సరిపోదు, ఎందుకంటే నేల నుంచి దొంగచాటుగా తవ్వి తీసినది ఏ జాబితాలోనూ ఎక్కి ఉండదు. సిరియా నుంచి 2011 మార్చి 15 తర్వాత అక్రమంగా తరలిన పురావస్తువుల వ్యాపారాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2015లో 2199వ తీర్మానంతో నిషేధించింది. కాబట్టి బుడ్డి అసలైనదని తేలడంతో మీ చిక్కు తీరదు, కొన్నిసార్లు అప్పుడే మొదలవుతుంది.

అట్లాంటావాసి:

అందరికీ కృతజ్ఞతలు. అడిగిన ఫోటోలు వచ్చాయి. మెడ లోపల ఎక్కడా మసక లేదు. మెరుపు సరిహద్దు దగ్గర మెట్లు లేవు, పలుచని పూత క్రమంగా పల్చబడి ఆగిపోయినట్టుంది. మట్టి చుట్టూ కొలిమిగట్టు గారు చెప్పిన వలయం స్పష్టంగా కనిపిస్తోంది. పాత కేటలాగు గురించి అడిగితే జవాబు లేదు. వేలంలో పాట పాడే ఆలోచన మానుకున్నాను. అదే అమ్మకందారు దగ్గర ‘ప్రాచీన ఆంధ్ర గాజు పూసలు, 2000 ఏళ్ల నాటివి’ అని ఇటుక ఎరుపు పూసల దండ ఉంది. వాటినైనా నమ్మవచ్చా?

పూసలపేరు:

పూసల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఇక్కడ తయారీ పద్ధతి కూడా కాలాన్ని పట్టివ్వదు. కరిగిన గాజు ముద్ద నుంచి పొడవాటి గొట్టం లాగి, ముక్కలు కోసి, మళ్లీ వేడిచేసి అంచులు గుండ్రం చేసే పద్ధతిలోనే, పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడులో రెండు వేల ఏళ్ల కిందటి పూసలు తయారయ్యాయి. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో మన కాలం దాకా పూసలు తీసింది కూడా ఇదే పద్ధతిలో. లాగిన పూసలో బుడగలు, చారలు రంధ్రానికి సమాంతరంగా సాగుతాయి, కరిగిన గాజును కడ్డీకి చుట్టి చేసిన పూసలో రంధ్రం చుట్టూ తిరుగుతాయి. భూతద్దంతో ఇది తెలుస్తుంది గానీ, తీసినది ఎప్పుడన్నది తెలియదు. రంధ్రం అంచున దారం ఒరిపిడికి పడే అరుగుదలను చూడవచ్చు, కానీ ఇసుకతో కలిపి డ్రమ్ములో తిప్పినా పూసలు అరుగుతాయి.

మరో విషయం. 1972 పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు భారతదేశం నుంచి ఎగుమతి చేయకూడదు. అమ్మకందారు భారతదేశం నుంచి పంపేటట్టయితే, ఆ పూసలు చెప్పినంత పాతవి కాకపోవాలి, లేదా ఆ ఎగుమతి నేరం కావాలి. దండ ఏ దేశం నుంచి వస్తుందో, ఆ దేశానికి ఏ సంవత్సరంలో ఏ కాగితాలతో చేరిందో ముందుగా అడగండి.