సీయోను, జియోనిజం: రెండూ ఒకటే మాటా?

ప్రశ్న: పత్రికకు రాసిన వ్యాసంలో జియోనిజాన్ని ‘యూదుమతవాదం’ అని తెనిగించాను. డెస్క్‌లో దాన్ని కొట్టేసి ‘యూదు జాతీయవాదం’ అని దిద్దారు. ఏది సరైనది? తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు: దిద్దినవారిదే సరైన మాటండీ. ఎందుకో చెప్పాలంటే ఆ మాట పుట్టిల్లు దాకా వెళ్లాలి.

తెలుగు బైబిలు చదివే ఇళ్లలో సీయోను చాలా దగ్గరి మాట. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు గానీ సీయోను అంటే ఏమిటని అడిగితే ఆకాశం వైపు చేయి చూపించేది. ఆమె లెక్కలో అది పరలోకపు ఊరు. మా వైపు ప్రార్థనా మందిరాల బోర్డుల మీదా అదే పేరు. ఇదే మాట వార్తల్లో జియోనిజం అయి వస్తోందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాకు కూడా డిగ్రీ చదివేటప్పుడే తెలిసింది, తెలిసిన రోజు చాలాసేపు ఆశ్చర్యపోయాను.

రెండు రూపాలు ఎందుకొచ్చాయంటే, హీబ్రూలో ఈ మాట మొదటి అక్షరం ‘త్స’ లాంటి ధ్వని. చాప, చుక్క, చోటు అనేటప్పుడు మనం పలికే దంత్య చకారం (ౘ) దానికి బాగా దగ్గర. కానీ మన దేశి పదాల్లో ఇ, ఎ ల ముందు ఆ ధ్వని నిలవదు. చీమ, చెట్టు అన్నప్పుడు అది తాలవ్యమైపోతుంది. అందుకే ‘త్సియోన్’ మన నోటికి అలాగే ఎక్కడం కష్టం. గ్రీకు, లాటిన్లలో అది సియోన్ అయింది, మన బైబిల్లో సీయోను అని స్థిరపడింది. ఇంగ్లీషు ‘జ’ చేసింది, పత్రికలు అక్కడినుంచి జియోనిజం తెచ్చుకున్నాయి. హైదరాబాద్ ఉర్దూ పత్రికల్లో కనిపించే ‘సైహూనీ’ అరబ్బీ దారిలో వచ్చింది. మూడు దారుల్లో వచ్చిన మాట, మూలం ఒక్కటే.

అసలు సీయోను యెరూషలేములో ఒక కోట పేరు. దావీదు రాజు అక్కడ ముందునుంచీ ఉన్న యెబూసీయుల దగ్గర గెలుచుకున్నది. తర్వాత ఆ పేరు గుడి ఉన్న కొండకు, ఆపైన ఊరికి, చివరికి దేశమంతటికీ పాకింది. ఈ రోజు యాత్రికులకు సీయోను కొండ అని చూపించేది పాత నగరపు గోడల బయట, నైరుతి దిక్కున ఉన్న వేరే కొండ. పేరు కూడా కాలంతో చోటు మారింది! 137వ కీర్తనలో చెరపట్టుకుపోయి బబులోను నదుల ఒడ్డున కూర్చుని ఏడ్చిన యూదులు తలుచుకున్నది ఈ సీయోనునే. వాళ్లు తమ వాద్యాలను నిరవంజి చెట్లకు తగిలించారని మన అనువాదం చెబుతుంది. ఆ వాద్యానికి మనవాళ్లు ‘సితారా’ అని పెట్టారు, ఆ ఎంపిక నాకు చాలా ఇష్టం. యూదుల నిత్యప్రార్థనలో ‘నీవు దయతో సీయోనుకు తిరిగిరావడం మా కళ్లు చూచుగాక’ అనే అర్థం వచ్చే మాట ఇప్పటికీ ఉంది.

ఇంతవరకు అది ప్రార్థన. యూదులు అక్కడికి తిరిగి వెళ్లేది ఎప్పుడంటే, దేవుడు పంపే రక్షకుడు మెస్సీయ వచ్చినప్పుడు. అంతవరకు ఎదురుచూడడమే ధర్మమని ఎందరో రబ్బీలు, అంటే యూదు మతగురువులు, బోధించారు.

ఆ పాత మాటకు ‘ఇజం’ అనే కొత్త ప్రత్యయం తగిలించింది వియన్నాకు చెందిన నాథన్ బిర్న్‌బౌమ్, 1890లో, తాను నడిపే పత్రికలో. అప్పటికే 1881 తర్వాత రష్యా సామ్రాజ్యంలో యూదుల మీద దాడులు జరిగి, ‘సీయోను ప్రేమికులు’ అనే సంఘాలు పుట్టాయి. 1896లో థియొడోర్ హెర్జెల్ యూదులకు సొంత రాజ్యం కావాలని పుస్తకం రాశాడు. ఆయన ఆచారాలు పాటించిన మనిషి కాదు, జర్నలిస్టు. పాలస్తీనాతో పాటు అర్జెంటీనాను కూడా ఆలోచించాడు. మరుసటి ఏడు జియోనిస్టుల మొదటి మహాసభ జర్మనీలోని మ్యూనిక్‌లో పెట్టాలనుకుంటే అడ్డుపడింది ఎవరనుకున్నారు? అక్కడి యూదు సమాజమే. పాలస్తీనాలో రాజ్యం కట్టాలనడం మెస్సీయ వాగ్దానానికి విరుద్ధమని జర్మనీ రబ్బీలు ప్రకటన ఇచ్చారు. సభ స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌కు మారింది. 1897 ఆగస్టు 29న మొదలైంది.

కాబట్టి ‘యూదుమతవాదం’ అంటే, ఆ రబ్బీలను కూడా వాళ్లు వద్దన్న ఉద్యమంలోకే నెట్టినట్టవుతుంది. అది పెద్ద తప్పు.

మరో సభ్యుడు: అయితే మతంతో సంబంధమే లేదంటారా మాస్టారూ? పేరే ప్రార్థనలోంచి తీసుకున్నారు కదా.

జవాబు: అలా అనలేనండీ. 1903 మహాసభ సంగతి వినండి. ఆ ఏప్రిల్‌లోనే రష్యా సామ్రాజ్యంలోని కిషినేవ్ నగరంలో యూదులను ఊచకోత కోశారు. బ్రిటన్ తూర్పు ఆఫ్రికాలో భూమి ఇస్తామంది. దాన్ని ఉగాండా పథకం అంటారు గానీ ఆ భూమి ఇప్పటి కెన్యాలో ఉంది. పరిశీలనకు బృందాన్ని పంపుదామని హెర్జెల్ అడిగితే 295 మంది సరే అన్నారు, 178 మంది వద్దన్నారు. వద్దన్నవాళ్లలో ఎక్కువమంది రష్యా నుంచి వచ్చినవాళ్లు, కిషినేవ్ ప్రతినిధులు కూడా. నెత్తురు ఆరని ఊరినుంచి వచ్చి, చేతికందిన ఆశ్రయాన్ని కాదన్నారు. సభలోంచి లేచి వెళ్లి, కొందరు యెరూషలేము గుడి కూలిన రోజున యూదులు చేసే శోకంలా నేలమీద కూర్చుని ఏడ్చారు. వాళ్లలో చాలామంది ఆచారాలు వదిలేసినవాళ్లే. దేవుణ్ణి పక్కన పెట్టగలిగారు గానీ సీయోనును పెట్టలేకపోయారు. ఈ దృశ్యం చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

మతాన్నీ ఉద్యమాన్నీ కలపాలనుకున్నవాళ్లూ ఉన్నారు. 1902లో రబ్బీ రైన్స్ మిజ్రాహీ అనే మతపర జియోనిస్టు సంఘాన్ని పెట్టారు. ఉద్యమాన్ని వ్యతిరేకించిన ఆచారపరులు 1912లో అగుదత్ ఇస్రాయెల్ అనే సంస్థను స్థాపించారు. మాటను పుట్టించిన బిర్న్‌బౌమే తర్వాత ఆచారపరుడై, ఉద్యమాన్ని వదిలి, ఆ అగుదత్‌కే ప్రధాన కార్యదర్శి అయ్యాడు.

ప్రశ్న: మరి ‘సీయోనువాదం’ అంటే? తెలుగుదనం ఉంటుంది కదా.

జవాబు: వినడానికి బాగుంది గానీ నాకు ఒప్పుదల లేదు. మన క్రైస్తవ పాఠకులకు సీయోను పరలోకం. బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రికలో (లేఖలో) సీయోను కొండను పరలోకపు యెరూషలేముతో కలిపే చెబుతారు. దానికి ‘వాదం’ చేరిస్తే మా నాయనమ్మ భక్తి కూడా రాజకీయమై కూర్చుంటుంది.

ఇంకో కారణం. ఈ మాటను కీర్తనలో కాకుండా తమ బతుకులో విన్నవాళ్లున్నారు. 1917లో బ్రిటన్ ప్రభుత్వం చేసిన బాల్ఫర్ ప్రకటన పాలస్తీనాలో యూదులకు ‘జాతీయ నివాసం’ అన్నప్పుడు అక్కడి జనాభాలో అత్యధికులు అరబ్బులు. 1948లో సుమారు 7 లక్షల మంది పాలస్తీనియులు ఇళ్లు పోగొట్టుకున్నారు. వాళ్లు దాన్ని నక్బా, అంటే మహావిపత్తు అంటారు. జియోనిజం ఒక రకం జాతివివక్ష అని 1975లో ఐక్యరాజ్యసమితి తీర్మానిస్తే మన దేశం అనుకూలంగా ఓటేసింది. 1991లో దాన్ని రద్దు చేసినప్పుడు రద్దుకూ ఓటేసింది. ఒక్క మాట మీద పదహారేళ్లలో రెండు ఓట్లు!

అందుకని వార్తల్లో ‘జియోనిజం’ అనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ‘యూదు జాతీయోద్యమం’ అని వివరించండి. యూదుమతానికి ‘యూదుమతం’ ఉండనే ఉంది. ఆ ఉద్యమంలోని మతశాఖ గురించి రాసేటప్పుడు మాత్రం ‘మతపర జియోనిజం’ అని విడిగా చెప్పండి. మీ వ్యాసంలో ‘యూదుమతవాదులు’ అని వచ్చిన చోట్లు కూడా ఒకసారి చూసుకోండి, అక్కడా అదే పొరపాటు ఉండొచ్చు.