బెజవాడ ఎండకి వెనక డిఫరెన్షియల్ హౌసింగ్‌లో 140 గ్రేడు ఆయిల్ పోయాలా, మాన్యువల్ చెప్పిందే పోయాలా?

గుంటూరు వీ8:
అన్నలూ, నాది మస్టాంగ్ జీటీ, సెకండ్ హ్యాండ్. కిందటి నెల విజయవాడలో ఒక షెడ్డులో సర్వీసుకిస్తే డిఫరెన్షియల్ (వెనక చక్రాలు రెంటికీ బలాన్ని పంచే గేర్ల పెట్టె) ఆయిల్ కూడా మార్చారు. అప్పట్నుంచి సెల్లార్‌లోంచి స్టీరింగ్ పూర్తిగా తిప్పి బయటికి తీస్తుంటే వెనకనుంచి గరగరమని వణుకు. రోడ్డెక్కాక ఏమీ ఉండదు. ఫోన్ చేసి అడిగితే ‘85డబ్ల్యు-140 పోశాం, మన ఎండలకి అదే కరెక్టు, సౌండు కొన్నాళ్లకి పోతుంది’ అన్నారు. మాన్యువల్లో 75డబ్ల్యు-85 సింథటిక్ అని ఉంది. అంత పల్చటి ఆయిల్ మే నెలలో ఆగుతుందా?

ఆటోనగర్ మేస్త్రి:
తమ్ముడూ, ముప్పై ఏళ్లుగా లారీల క్రౌన్లు (డిఫరెన్షియల్‌లో ఉండే పెద్ద పళ్ల చక్రాలు) విప్పుతున్నా. మాన్యువల్ రాసింది చలిదేశం వాళ్లు. ఇక్కడ 45 డిగ్రీల ఎండ, కింద తారు ఇంకా కాలుతుంటుంది. పల్చటి ఆయిల్ పోసి పళ్లు పోయిన క్రౌన్లు నా చేత్తో ఎన్ని మార్చానో. 140 పోస్తే క్రౌన్ అరవదు. అదే ఉంచెయ్.

కాజ టోల్‌గేట్:
మేస్త్రి గారి మాటే నాదీ. వేడెక్కితే ఏ ఆయిలైనా పల్చబడేదే, కాబట్టి చిక్కటిది పోస్తే నష్టమేముంది?

బెజవాడ గేర్‌బాక్స్:
మేస్త్రి గారూ, లారీ విషయంలో మీ మాటకి తిరుగులేదు. నిండు లోడుతో మెల్లగా ఎత్తు ఎక్కే బండికి పళ్ల మధ్య మందంగా పొర నిలబడాలి. కానీ ఈ తమ్ముడి బండి చేసే పని వేరు, లోపలున్న సామాను కూడా వేరు.

ముందు అంకెల సంగతి. డబ్ల్యు పక్కనున్న అంకె చలికి సంబంధించింది. 75డబ్ల్యు ఆయిల్‌ని మైనస్ 40 డిగ్రీల దగ్గర, 85డబ్ల్యుని మైనస్ 12 దగ్గర పరీక్షిస్తారు. కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లం ఆ అంకె గురించి వాదించుకోనక్కర్లేదు. రెండో అంకెని మాత్రం 100 డిగ్రీల దగ్గర కొలుస్తారు. అంటే మన మే నెల ఎండకి రెట్టింపు వేడిని ముందే లెక్కలోకి తీసుకున్నారు. ఆ వేడిలో 85 గ్రేడు 11 నుంచి 13.5 సెంటీస్టోక్సులు (చిక్కదనాన్ని కొలిచే లెక్క) ఉంటే, 140 గ్రేడు 24 నుంచి 32.5 దాకా ఉంటుంది. రెట్టింపు చిక్కదనం! హైవే మీద వందలో పోతుంటే క్రౌన్ నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లు తిరుగుతుంది. అంత చిక్కటి ఆయిల్‌ని చిలకడానికి బలం ఖర్చవుతుంది, ఆ చిలకడంలోనే అదనపు వేడి పుడుతుంది. టోల్‌గేట్ గారూ, మీరడిగిన నష్టం ఇదే.

అయితే ఆ గరగరకి అసలు కారణం చిక్కదనం కాదనే నా నమ్మకం. ఆ బండిలో ఉన్నది మామూలు డిఫరెన్షియల్ కాదు, క్లచ్ ప్లేట్ల లిమిటెడ్ స్లిప్, అంటే ఒక చక్రమే ఊరికే తిరిగిపోకుండా ప్లేట్లతో పట్టి ఉంచే రకం. మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరగాలి కాబట్టి ప్లేట్లు ఒకదాని మీద ఒకటి మెత్తగా జారాలి. అలా జారడానికి ఆయిల్లో ఫ్రిక్షన్ మాడిఫయర్ (ప్లేట్ల రాపిడిని మెత్తబరిచే మందు) ఉండాలి. లారీ ఆయిల్ డబ్బాలో అది ఉండదు. ఉండేది పళ్లని కాపాడే గంధకం, భాస్వరం మందులు. క్రౌన్‌కి, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్‌కి అవి ప్రాణం, అందుకే ఆ మందులు ఎక్కువగా ఉండే జీఎల్-5 రకం ఆయిల్ అడుగుతారు. ప్లేట్లకి మాత్రం అవి చాలవు. ప్లేట్లు పట్టుకుంటాయి, వదుల్తాయి, మళ్లీ పట్టుకుంటాయి. నీకు వినిపిస్తున్న గరగర అదే తమ్ముడూ. కొన్నాళ్లకి పోతుందన్నారు చూడు, పోయేది ప్లేట్లే. ఈ వారంలోనే ఆ ఆయిల్ దింపించు.

దింపేటప్పుడు పక్కనే నిలబడు. ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకున్నాకే పాత ఆయిల్ తియ్యనివ్వు. నా బండికి ముందు ఆయిల్ తీసేశారు, తర్వాత చూస్తే ఫిల్లర్ బిగుసుకుపోయింది. రెండు రోజులు బండి జాకీల మీదే ఉంది. లోపల ఇనుప రజను పట్టే మాగ్నెట్‌ని వేలితో తుడిచి చూడు. కాటుకలా మెత్తగా అంటుకుంటే అది మామూలు అరుగుదలే. గోరుకి గుచ్చుకునే ముక్కలుంటే కవర్ విప్పాల్సిందే. కొత్తది మాన్యువల్ గ్రేడే పోయించు. డబ్బా మీద లిమిటెడ్ స్లిప్‌కి అని లేకపోతే మాడిఫయర్ విడిగా కలపాలి. అదీ చెప్పిన కొలతే, ఎక్కువైతే ప్లేట్లు పట్టే చోట కూడా జారిపోతాయి.

ఆటోనగర్ మేస్త్రి:
లారీల్లో ప్లేట్లు చూడలేదు నేను, ఆ మాట ఒప్పుకుంటా. మరి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట రేసు ట్రాక్ మీద రోజంతా తోలితే? అక్కడా 85యేనా?

బెజవాడ గేర్‌బాక్స్:
అక్కడ మీ వైపే వస్తాను. ల్యాపు మీద ల్యాపు కొడితే హౌసింగ్ చల్లారే వీలుండదు. అలాంటి వాడకానికి లిమిటెడ్ స్లిప్ సింథటిక్ 75డబ్ల్యు-140 పోసేవాళ్లున్నారు, అందులో తప్పులేదు. గుంటూరు నుంచి బెజవాడ ఆఫీసుకి వచ్చిపోయే బండికి అది అక్కర్లేదు.

కాజ టోల్‌గేట్:
నా బండిలో ప్లేట్లున్నాయో లేవో ఎలా తెలుస్తుంది?

బెజవాడ గేర్‌బాక్స్:
వెనక చక్రాలు రెండూ లేపి, న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ తీసి ఒక చక్రం చేత్తో తిప్పండి. రెండోది కూడా అటే తిరిగితే ప్లేట్లు ఉండే అవకాశమే ఎక్కువ. ఎదురు తిరిగితే మామూలుది కావచ్చు, ప్లేట్లు అరిగిపోయినదీ కావచ్చు, గేర్లతోనే పనిచేసే టోర్సెన్ కూడా కావచ్చు. ఆయిల్ కొనేముందు ఛాసిస్ నంబరు చెప్పి పార్టుల లిస్టులో చూపించుకోండి.

గుంటూరు వీ8:
నిన్న మార్పించా. మాగ్నెట్ మీద కాటుకే, ముక్కల్లేవు. ఖాళీ గ్రౌండ్‌లో ఎనిమిది అంకె వేసినట్టు నెమ్మదిగా పది రౌండ్లు తిప్పా. కుడివైపు వణుకు పోయింది, ఎడమకి పూర్తిగా తిప్పితే ఇంకా కాస్త ఉంది.

బెజవాడ గేర్‌బాక్స్:
ప్లేట్ల మధ్య పాత ఆయిల్ ఇంకా మిగిలి ఉంటుంది. రేపు ఇంకో పది తిప్పి, ఎడమవైపు ఎలా ఉందో ఇక్కడే రాయి.