అమెరికాలో శిక్షణ కోసం ఇచ్చే జే-1 ట్రైనీ వీసాకి నెట్‌వర్కింగ్ వాళ్లను తీసుకునే స్పాన్సర్ ఎవరైనా తెలుసా?

నేను హైదరాబాద్‌లో నెట్‌వర్క్ ఇంజినీర్‌ని. బీటెక్ అయ్యాక మూడేళ్ల అనుభవం ఉంది, ట్రైనీ కేటగిరీకి డిగ్రీ తర్వాత ఏడాది ఉంటే చాలు. డాలస్‌లో ఒక చిన్న కంపెనీ 18 నెలలకి తీసుకుంటానంటోంది. కానీ వీసాకి కావాల్సిన డీఎస్-2019 పత్రం ఇచ్చేది కంపెనీ కాదు, అమెరికా విదేశాంగ శాఖ గుర్తించిన స్పాన్సర్ సంస్థ. అక్కడే ఆగిపోయాను. ఇక్కడ ఒక కన్సల్టెన్సీ వాళ్లు 3 లక్షలు కడితే అన్నీ మేమే చూసుకుంటాం అంటున్నారు, స్పాన్సర్ పేరు అడిగితే మాత్రం మాట మారుస్తున్నారు. నాకైతే నమ్మకం కుదరట్లేదు.

అసలు టెన్షన్ డీఎస్-7002, అంటే శిక్షణ ప్లాన్ ఫారం గురించి. కంపెనీ పంపిన శిక్షణ ప్లాన్‌లో నైట్ షిఫ్టులో అలారాలు చూడటం, టికెట్లు (కంప్లైంట్లు) క్లోజ్ చేయడం తప్ప ఇంకేం లేదు. ఇది ట్రైనింగ్ కాదు, మామూలు ఉద్యోగమేనని స్పాన్సర్ తిప్పికొడతారా? రౌటింగ్, ఫైర్‌వాల్ అంటూ దశలవారీగా మార్చి రాయమనాలా? ఈ దారిలో వెళ్లినవాళ్లు ఉంటే స్పాన్సర్ ఎవరో, ఫీజు ఎంతైందో కాస్త చెప్పండి ప్లీజ్.